ఒకే పత్రము, అనేక హస్తములు: ఉమ్మడి రచనా సాధనములను గూర్చి వేదాంత బోధకుల అభిప్రాయములు

ఉపోద్ఘాతము

నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయమును ఆదివారపు ప్రసంగమునకు ఎన్నుకొనే కాపరులు అరుదు. అది పేర్ల పట్టికవలె ఉంటుంది. యెరూషలేము ప్రాకారములో ఏ భాగమును ఎవరు బాగుచేశారో, ఎవరి ప్రక్కన ఎవరు నిలిచారో అక్కడ వరుసగా వ్రాయబడినది. తెకోవ వారు పనిచేశారు గాని వారి ప్రముఖులు ముందుకు రాలేదని ఐదవ వచనము, షల్లూము తన కుమార్తెలతో కలిసి ఒక భాగమును బాగుచేశాడని పన్నెండవ వచనము తెలియజేస్తున్నాయి. గోడ ఒక్కటే, చేతులు అనేకము. ఎవరి చేయి ఎక్కడ పడినదో గ్రంథకర్త వ్రాసి ఉంచాడు.

వేదాంత విద్యలో వాడుకకు వచ్చిన ఆన్‌లైన్ ఉమ్మడి పత్రములను గూర్చి బోధకులు చెప్పే మాటలు వింటున్నప్పుడు ఈ అధ్యాయము మాకు తరచుగా జ్ఞాపకము వస్తున్నది. గూగుల్ డాక్స్ వంటి సాధనములలో నలుగురైదుగురు విద్యార్థులు వేరువేరు ఊళ్లలో ఉండి ఒకే పత్రమును ఏకకాలములో వ్రాయవచ్చును. ఎవరు ఏ మాట చేర్చారో, ఏ మాట తీసివేశారో ఆ సాధనమే గుర్తు పెట్టుకుంటుంది. ఇది మేలా, కీడా అన్న విషయములో మా ప్రాంతపు బోధకులకు ఏకాభిప్రాయము లేదు. మేము ఆత్మకూరులో కొంతకాలముగా సాయంకాల బైబిలు తరగతులు నడుపుతున్నాము. నంద్యాల, ఆళ్లగడ్డలలో ఇదే పనిలో ఉన్న తోటి బోధకులతో మాట్లాడిన సంగతులు, మా తరగతిలో జరిగిన సంగతులు ఈ వ్యాసమునకు ఆధారము. మేము ప్రశ్నావళి పంచలేదు, శాతములు లెక్కించలేదు. అయితే విన్నంతలో మాకు తోచినదేమంటే, బోధకుల మధ్య ఉన్న భేదము సాధనమును గూర్చినది కాదు. ఉమ్మడి పనిలో ఎవరి చేయి కనబడాలి, ఎవరి చేయి కనబడకూడదు అన్నదే వారి అసలు భేదము.

సాధనము పనిచేయు విధము

అనేకులు కలిసి ఒకే పుటను దిద్దుకొనే వికీ అను పద్ధతిని 1995లో అమెరికాలో వార్డ్ కన్నింగ్‌హామ్ ప్రవేశపెట్టాడు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైనది. దానిలో ప్రతి పుటకు ‘చరిత్ర’ అని ఒకటి, ‘చర్చ’ అని ఒకటి అనుబంధముగా ఉంటాయి. గూగుల్ డాక్స్ 2006లో వచ్చినది. ఒకరు వ్రాస్తుండగానే మరొకరి తెర మీద అక్షరము వెంట అక్షరము కనబడే ఏర్పాటు దానిలో 2010లో చేరినది. అదే సంస్థ వారి క్లాస్‌రూమ్ 2014లో విడుదలైనది. మన వేదాంత విద్యాలయములలో అనేకులు వీటి పేరు విన్నది మాత్రము 2020 మార్చి లాక్‌డౌన్ తరువాతనే. తరగతి గదులు మూతపడినందున చేతికి అందినదానిని పట్టుకున్నాము.

ఈ పత్రము మామూలు కాగితము వంటిది కాదని బోధకుడు మొదట గ్రహించాలి. కాగితము మీద చివరకు మిగిలిన మాటలే కనబడతాయి. ఉమ్మడి పత్రములో చివరి రూపముతో పాటు మార్పులన్నీ వరుసగా దాచబడతాయి. వర్షన్ హిస్టరీ అనే చోట నొక్కితే ఏ తేదీన, ఏ సమయమున, ఎవరి ఖాతా నుండి ఏ మాట చేరినదో ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగుతో చూపిస్తుంది. కొట్టివేసిన మాట కూడా పోదు. ఇంకొక సంగతి: పత్రమును దిద్దే అనుమతి, వ్యాఖ్య మాత్రమే వ్రాసే అనుమతి, చదివే అనుమతి వేరువేరుగా ఇవ్వవచ్చును. దిద్దే అనుమతి ఉన్నవారందరు ఆ చరిత్రను చూడగలరు. చదివే అనుమతి మాత్రమే ఉన్నవారు చూడలేరు. ఈ ఒక్క తేడా తెలియక జరిగిన పొరపాటును గూర్చి ముందు చెబుతాము.

బోధకుల మాటలు

ఒక క్రొత్త సాధనమును మనుష్యులు ఎందుకు స్వీకరిస్తారు అన్న ప్రశ్నకు 1989లో ఫ్రెడ్ డేవిస్ అను పరిశోధకుడు రెండు కారణములు చూపించాడు. ఇది నా పనికి ఉపయోగపడుతుందా, దీనిని వాడుట సులభమా అని మనిషి తనలో వేసుకొనే లెక్కయే ఆ రెండు. విద్యారంగములో బోధకుల అభిప్రాయములను పరిశీలించేవారు నేటికీ ఈ రెండు ప్రశ్నలతోనే మొదలుపెట్టడము పరిపాటి. మా సహోదర బోధకులు కూడా ఈ రెంటిని ప్రస్తావించారు గాని వాటిమీద ఎక్కువసేపు నిలువలేదు.

క్రొత్త నిబంధన బోధించే ఒక సహోదరుడు ఈ సాధనమును గట్టిగా సమర్థించాడు. గుంపుగా వ్రాయవలసిన సెమినార్ పత్రము ఎప్పుడు ఇచ్చినా ఒకడు వ్రాస్తాడు, మిగిలిన నలుగురి పేర్లు అట్ట మీద ఉంటాయి, ఇది తన ఇరువది సంవత్సరముల అనుభవమని ఆయన చెప్పారు. ఇప్పుడు పనిచేసినవాని పని కనబడుతున్నది, తెకోవ ప్రముఖులు కూడా కనబడుతున్నారు అని నవ్వారు.

ప్రసంగశాస్త్రము చెప్పే మరొక పెద్దవారు అంతే గట్టిగా వ్యతిరేకించారు. ప్రసంగము సంత బజారులో పుట్టదని ఆయన వాదము. వ్రాసుకొని, కొట్టివేసుకొని, మోకాళ్ల మీద ఉండి మరల వ్రాసుకొనేటప్పుడు దేవుడు తప్ప మరొకరు చూడకూడదని ఆయన అభిప్రాయము. మొదట దీనిని పాతకాలపు మాట అనుకున్నాము. తరువాత మా తరగతిలో పదవ తరగతి తరువాత చదువు మానివేసి, పదేళ్లకు మరల కలము పట్టిన ఒక విద్యార్థిని గమనించాము. తన పేరుతో ఉన్న చిన్న గీత తెర మీద కదులుతుండగా, ఒక వాక్యమును నాలుగుసార్లు వ్రాసి నాలుగుసార్లు చెరిపివేయుటను తోటివారు చూస్తున్నారని అతనికి తెలుసు. ఐదవసారి అతడు వ్రాయలేదు. పెద్దవారి మాటలో బరువు ఉన్నదని అప్పుడు గ్రహించాము. నాటి నుండి మొదటి ప్రతిని ఎవరికి వారు నోటుపుస్తకములో వ్రాసుకొని, తరువాతనే ఉమ్మడి పత్రములోనికి తెమ్మని చెబుతున్నాము.

దీనికి విరుద్ధముగా కనబడే సంగతి కూడా ఉన్నది. తరగతిలో నోరు తెరవని సహోదరీలు ఉమ్మడి పత్రము అంచున వ్యాఖ్యలు వ్రాస్తున్నారని ఆళ్లగడ్డలోని ఒక బోధకురాలు చెప్పారు. పురుషుల మధ్య లేచి నిలబడి ప్రశ్న అడుగుట వేరు, పత్రము ప్రక్కన రెండు వాక్యములు వ్రాయుట వేరు. మన విద్యార్థులలో ఉన్న గౌరవభావము సైతము ఈ వ్యాఖ్యలలో చోటు చేసుకుంటుంది. తమకన్నా పెద్దవాడు వ్రాసిన వాక్యమును దిద్దే అనుమతి ఉన్నప్పటికీ వారు దిద్దరు. “అన్నా, ఇక్కడ ఒక్కసారి చూడగలరా” అని అంచున వ్రాసి ఊరకుంటారు. ఆ అన్న చూడకపోతే ఆ తప్పు చివరివరకు అలాగే ఉంటుంది! కలిసి వ్రాయుట ద్వారా సమానత్వము తనంతట తానే వస్తుందని అనుకొనేవారు దీనిని ఆలోచించాలి. కొరింథు సంఘములో ఒకరు మాటలాడగా తక్కినవారు వివేచింపవలెనని పౌలు వ్రాసిన క్రమము (1 కొరింథీ. 14:29) మన తరగతులలో ఒక సాధనము కొనితెచ్చినంత మాత్రాన అలవడదు.

లిపి చిక్కు

సులభమా అన్న ప్రశ్న దగ్గర అందరు చెప్పిన కష్టము ఒక్కటే, అది తెలుగు టైపు. మన సంఘపు కరపత్రములు, పాటల పుస్తకములు, పత్రికలు చాలాకాలము డి.టి.పి. సెంటర్లలో అను ఫాంట్లతోనే తయారైనవి. ఆ ఫాంట్లలో తెర మీద తెలుగు కనబడినా లోపల ఉన్నవి ఇంగ్లీషు గుర్తులే. ఆ ఫైలులోని పేరాను ఉమ్మడి పత్రములో అతికిస్తే అర్థము లేని గుర్తులు వరుసగా వస్తాయి. దానిని యూనికోడ్‌లోనికి మార్చే సాధనములు ఉన్నాయి గాని ఒత్తుల దగ్గర తరచుగా తప్పుతాయి, మరల అంతా చూసుకోవాలి. 2017లో గూగుల్ వారు తెలుగులో మాట్లాడి వ్రాయించే సదుపాయము ఇచ్చిన తరువాత ఫోనులో వ్రాయుట చాలా తేలికైనది. అయితే బైబిలు పేర్ల దగ్గర అది తికమకపడుతుంది. నెబుకద్నెజరును గూర్చి చెప్పి ఏమి వచ్చినదో చూసుకొన్న విద్యార్థులు ఒక పూట నవ్వుకున్నారు.

ఈ చిక్కును ఇక్కడ చెప్పుటకు కారణమున్నది. చేతితో వ్రాసి, డి.టి.పి. సెంటరులో టైపు చేయించి, యూనికోడ్‌లోనికి మార్పించి తెచ్చినవాని పని ఉమ్మడి పత్రములో ఒకే రంగుతో, ఒకే నిమిషములో, ఒకే దిమ్మెగా పడుతుంది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత, అలా ఒక్కసారిగా పడిన దిమ్మెను చూడగానే ఇది యంత్రము వ్రాసినది అని నిర్ణయించే బోధకులు ఉన్నారు. యంత్రముతో వ్రాయించి తెచ్చేవారు లేరని మేము అనము. కాని ఆ నిర్ణయము ఒక రాత్రంతా కూర్చుండి కాగితము మీద వ్రాసినవానికి కూడా తగులుతుంది.

తెర్తియు పేరు, పౌలు మాట

ఆత్మకూరు నల్లమల అంచున ఉన్నది. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు ఇది రెవెన్యూ డివిజను కేంద్రమైనది. పట్టణములో సిగ్నల్‌కు కొరత లేదు. అడవి వైపు వెళ్లేకొలది అది తగ్గుతుంది. మా తరగతిలో ముగ్గురు విద్యార్థులు అటువైపు ఊళ్లలో సువార్త పరిచర్య చేస్తున్నారు.

ఒకసారి నలుగురు విద్యార్థుల గుంపునకు రోమా పత్రిక పదునాలుగవ అధ్యాయము మీద ఉమ్మడి పత్రము వ్రాయమని చెప్పాము. విగ్రహములకు అర్పించినవాటి విషయమైన మనస్సాక్షి, మన గ్రామములలో జాతర ప్రసాదము అనునది అంశము. గడువు తీరిన తరువాత చరిత్రను తెరిచి చూశాము. దాదాపు అంతా ఒకే పేరు మీద ఉన్నది. అడవి వైపు ఊరిలో ఉన్న విద్యార్థి పేరు మీద ఒక్క అక్షరము లేదు. మేము ఆలోచించకుండా అతనికి చాలా తక్కువ మార్కులు వేశాము. అంతటితో ఆగక, కాపరి కాబోయేవాడు ఇతరుల కష్టము మీద కూర్చుండకూడదని తరగతి ఎదుట అన్నాము.

అతడు ఆ రోజు ఏమియు అనలేదు. వారము తరువాత టైపు చేసిన విద్యార్థియే మా వద్దకు వచ్చాడు. “అయ్యగారూ, జాతర సంగతంతా ఆ అన్నదే. అన్న ఫోన్లో చెప్తా ఉంటే నేను కొట్టినా. ఆ ఊర్లో నెట్టు రాదు” అన్నాడు. మేము పత్రమును మరల చదివాము. దానిలో విలువైన భాగము అదియే. కొత్తగా విశ్వసించిన ఒక కుటుంబము జాతరనాడు బంధువుల ఇంట భోజనమునకు కూర్చుండవలసి వచ్చినప్పటి సంకటము దానిలో ఉన్నది. పుస్తకము చూసి వ్రాయగలిగినది కాదు. మేము తరగతి ఎదుట అన్న మాటను తరగతి ఎదుటనే వెనుకకు తీసుకున్నాము, మార్కులు దిద్దాము. అయినను మొదటి మాట అతనికి తగిలినదని మాకు తెలుసు.

రోమా పత్రిక బోధిస్తూ ఈ పొరపాటు చేయుట మాకు మరింత సిగ్గును కలిగించినది. ఆ పత్రిక పదునారవ అధ్యాయము ఇరువది రెండవ వచనములో దానిని చేతితో వ్రాసిన తెర్తియు తన పేరు చెప్పి వందనములు తెలుపుతున్నాడు. రోమా పత్రికకు వర్షన్ హిస్టరీ ఉంటే దానిలో మొదటి నుండి చివరి వరకు తెర్తియు పేరే కనబడుతుంది, పౌలు పేరు మీద ఒక్క అక్షరము ఉండదు. మేము పౌలుకు మార్కులు వేయలేదన్నమాట. అందుకే కాబోలు, పౌలు కొన్ని పత్రికల చివర తన చేతితో గురుతు వ్రాసేవాడు (2 థెస్స. 3:17). యిర్మీయా విషయములోను ఇంతే. చెప్పినవాడు ప్రవక్త, వ్రాసినవాడు బారూకు. రాజు ఆ చుట్టను కాల్చివేసిన తరువాత రెండవ ప్రతిలో మరిన్ని మాటలు చేర్చబడినవని ముప్పది ఆరవ అధ్యాయము చెబుతుంది. చెప్పినవాడెవరు, వ్రాసినవాడెవరు, రెండవ ప్రతిలో చేరినదెప్పుడు అన్నవి వేర్వేరు ప్రశ్నలని లేఖనమునకు తెలుసు. సాధనమునకు మాత్రము ఒక్కటే తెలుసు: ఏ ఖాతా నుండి మీట నొక్కబడినది.

ఆ ఖాతా కూడా ఎవరిదో చెప్పలేము. ఇంటిలో ఒకటే ఫోను ఉన్నచోట బావమరిది పేరు మీద, తండ్రి పేరు మీద విద్యార్థి పని నమోదవుతుంది. ఖాతా తెరవకుండా లింకు ద్వారా వచ్చినవారిని ఆ సాధనము ఏదో జంతువు బొమ్మతో అనామకునిగా చూపిస్తుంది.

ఆనందరాయరు

కలిసి వ్రాసిన పనిలో ఎవరి చేయి నిలిచిపోతుంది అన్న ప్రశ్న తెలుగు క్రైస్తవులకు క్రొత్తది కాదు. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్టణమునకు వచ్చారు. భాష నేర్చుకుంటూనే సువార్తల అనువాదమునకు పూనుకున్నారు. బ్రాహ్మణ కుటుంబములో పుట్టి క్రీస్తును విశ్వసించిన ఆనందరాయరు వారితో కలిసి పనిచేశాడు. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ మరణించారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయినవి. మన సంఘచరిత్ర తరగతులలో ఈ అనువాదము సాధారణముగా ఇద్దరు మిషనరీల పేరు మీదనే చెప్పబడుతుంది. ఆనందరాయరు పేరు వచ్చినప్పుడు ‘సహాయకుడు’ అని వస్తుంది.

అయితే వచ్చిన కొద్ది సంవత్సరములకే ఒక విదేశీయుడు తెలుగులో సువార్తను ఏ మేరకు వ్రాయగలడు? ఏ వాక్యము ఎవరి నోటినుండి వచ్చినదో చూపించే చరిత్ర మనకు మిగలలేదు. మిగిలి ఉంటే మన బైబిలు తరగతులు వేరుగా ఉండేవని మా అభిప్రాయము. ఈ కారణము చేతనే ఉమ్మడి పత్రములో దాచబడే చరిత్రను మేము పూర్తిగా తోసిపుచ్చలేము. తెర్తియు విషయములో మమ్మును తప్పుదారి పట్టించిన సాధనమే, ఆనందరాయరు వంటివాని పేరు నిలుపుటకు పనికివస్తుంది. అయితే దాని ప్రక్కన మనిషి సాక్ష్యము కూడా ఉండాలి.

కనబడకూడని చేయి

కాపరులైన పాఠకులు ఈ భాగమును శ్రద్ధగా చదవవలెనని మనవి. వేదాంత విద్యార్థి వ్రాసేది సెమినార్ పత్రములు మాత్రమే కాదు. ఆసుపత్రి దర్శనములు, గృహదర్శనములు, మరణశయ్య దగ్గరి ప్రార్థనలు, భార్యాభర్తల తగాదాలలో చెప్పిన ఆలోచన, ఇవన్నీ పరిచర్య నివేదికలుగా వ్రాసి బోధకునికి సమర్పిస్తాడు. మునుపు అది ఒక ఫైలులో ఉండి, బోధకుని బీరువాలో తాళము క్రింద ఉండేది. ఇప్పుడు అదే నివేదిక ఉమ్మడి పత్రముగా వ్రాయబడి, లింకు వాట్సాప్ గుంపులో పెట్టబడుతున్నది.

మా ఎరుకలో ఒక విద్యార్థి తన నివేదికలో ఒక సహోదరి పేరు, ఆమె వ్యాధి వ్రాశాడు. బోధకుడు హెచ్చరించగా పేరు తీసివేసి ‘ఒక సహోదరి’ అని మార్చాడు. అందరు సరేననుకున్నారు. కాని తోటి విద్యార్థులందరికి దిద్దే అనుమతి ఉన్నందున, చరిత్రలో వెనుకకు వెళ్లిన ఎవరికైనను ఆ పేరు కనబడుతూనే ఉన్నది. మన ఊళ్లలో పేరు లేకున్నా గ్రామము, వ్యాధి చెబితే చాలు, మనిషి ఎవరో తెలిసిపోతుంది. ఒక విశ్వాసురాలు కాపరితో చెప్పుకున్న మాట బజారున పడితే ఆమె మరల ఏ కాపరి దగ్గరకు వెళుతుంది?

ఇందుకు పరిష్కారము కష్టమైనది కాదు. మొదటినుండే పేరు, ఊరు వ్రాయకూడదు. పొరపాటున వ్రాసినట్లయితే, శుభ్రపరచిన పత్రమునకు కాపీ తీసి ఆ కాపీనే పంచుకోవాలి. కాపీ క్రొత్త పత్రముగా మొదలవుతుంది, పాత చరిత్ర దాని వెంట రాదు. తరువాత పాత పత్రమును తీసివేయాలి. లింకు ఉన్న ఎవరైనను చూడవచ్చును అన్న అమరికను పరిచర్య నివేదికలకు వాడకూడదు, బోధకుని ఖాతాకు మాత్రమే అనుమతి ఇవ్వాలి. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టము మనిషి సమ్మతికి పెద్ద స్థానము ఇచ్చినది. చట్టము రాకముందు కూడా కాపరి నోటికి తాళము ఉండేది. గుంపుగా చర్చించుటకు నిజమైన నివేదిక అవసరమని వాదించిన బోధకులతో మేము ఏకీభవించలేదు. అవసరమైనచో నోటితో చెప్పుకొనవచ్చును, కాగితము మిగలదు.

ప్రస్తుతము మేము చేయుచున్నది

మార్కులు వేయుటకు ముందు చరిత్రను తెరుచుట మానివేశాము. సందేహము కలిగితే గుంపును పిలిచి, వారి ఎదుటనే తెరిచి, వారినే వివరించమని అడుగుతున్నాము. ప్రతి ఉమ్మడి పత్రము మొదట ఒక పేరా ఉండాలని నియమము పెట్టాము. ఏ భాగమును ఎవరు ఆలోచించారు, ఎవరు చెప్పారు, ఎవరు టైపు చేశారు, ఎవరి ఫోను వాడారు అన్నది విద్యార్థులే కలిసి దానిలో వ్రాయాలి, నలుగురు ఒప్పుకున్న తరువాతనే సమర్పించాలి. ఆ పేరా వ్రాయుటలో తగాదాలు వచ్చాయి. ఒక గుంపు రెండు వారములు ఆలస్యము చేసినది. తన పేరు మొదట లేదని ఒకరు అలిగారు. నంద్యాల సహోదరుడు దీనిని అనవసరపు శ్రమ అంటున్నారు, సాధనమే చెబుతుండగా మరల వ్రాయుట దేనికని ఆయన ప్రశ్న. ఆయన తన తరగతిలో పట్టణపు విద్యార్థులనే చూస్తున్నారు.

ఇటీవల వచ్చిన ఒక పత్రములో ఆ పేరాలో నాలుగు పేర్లు ఉన్నాయి. చివర ఇంకొక వాక్యము ఉన్నది: సిగ్నల్ కోసము ప్రతి సాయంత్రము మేడ ఎక్కనిచ్చిన ప్రక్క ఇంటి అవ్వ. ఆమె మన సంఘస్థురాలు కాదు. దానిని పరిశోధన పత్రములో ఉంచవచ్చునా అని విద్యార్థులు మమ్ములను అడిగారు. ఉంచమన్నాము.